తల తెరవకుండా ఆగిన రోజులు

వల పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం.

ఆ పొద్దున మైపాడు ఒడ్డున వల లాగుతుంటే తలలో పిడుగు పడ్డంత నొప్పి. ఎడమ చెయ్యి నాది కాకుండా పోయింది. "నా చెయ్యి సముద్రంలోకి ఈదుకుంటా పోతాండాది" అన్నాను. అందరూ నవ్వారు, కథలల్లడం నాకు అలవాటు. నా భార్య పోలమ్మ మాత్రం మూతి వంకరపోవడం చూసి ఆటో పిలిచింది.

నెల్లూరు ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. మెదడులో బ్లీడింగ్. బీపీ మాత్రలు మానేసి చాలా కాలమైంది.

"రక్తపు గడ్డ చిన్నదే, కానీ లోతుగా ఉంది. తీయబోతే బాగున్న మెదడు దెబ్బతినొచ్చు. బీపీ తగ్గించి కనిపెట్టుకుని ఉందాం. మగత పెరిగినా, మాట తేడాగా వచ్చినా ఆపరేషన్ ఆలోచించాలి" అన్నారు డాక్టరమ్మ.

ఐసీయూలో నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. మానిటర్ మీద పచ్చటి అలలు. నర్సులు తెల్లచేపల్లా చప్పుడు లేకుండా తిరిగేవారు.

"ఎక్కడున్నారు?" అడిగారు డాక్టరమ్మ.

"సొరచేప కడుపులో మేడమ్. తమర్నెప్పుడు మింగింది?"

ఆమె ముఖం మారింది. "కన్‌ఫ్యూజన్ మొదలైంది. మళ్లీ స్కాన్ తీయండి. ఆపరేషన్ థియేటర్‌కి చెప్పి ఉంచండి."

పోలమ్మ అడ్డం వచ్చింది. "అయ్యో మేడమ్, ఈయన ఎప్పుడూ ఇంతే. పెళ్లిచూపులకి తిమింగలం ఎక్కి వచ్చినానన్యాడు. నిజం చెప్పినాడా, అప్పుడు భయపడాల."

స్కాన్‌లో తేడా లేదు.

మర్నాడు నర్సు అదే అడిగింది. "ఆస్పత్రిలో" అన్నాను.

"మేడమ్‌ని పిలవమ్మా!" పోలమ్మ కేక పెట్టింది.

"సరిగ్గానే చెప్పారు కదమ్మా?"

"అదేగా నా భయం!"

ఈసారి స్కాన్‌లో గడ్డ చుట్టూ వాపు. డ్రిప్‌లో మందు మార్చారు. "సాయంత్రానికి తేరుకోకపోతే తల తెరవాల్సిందే" అన్నారు డాక్టరమ్మ.

నేను ఎక్కడో లోతుకు జారిపోతున్నాను. పైన పోలమ్మ గాజుల చప్పుడు, పడవ మీంచి ఎవరో పిలుస్తున్నట్టు. ఆ చప్పుడు పట్టుకునే పైకి వచ్చాను. పొద్దు వాలే వేళకు కళ్లు తెరిచి, "సొర కక్కేసింది" అన్నాను. పోలమ్మ భోరుమంది.

నాకు ఆపరేషన్ లేకుండానే తగ్గింది. పక్క బెడ్ ఆయనకు ఆపరేషనే ప్రాణం పోసింది. ఎవరికేది మంచిదో స్కాన్ చూసిన డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు మునుపటిలాగే ఎడమ చేత్తో వల విసురుతున్నాను. బీపీ మాత్ర మరవడం లేదు. మీకొక్క మాట: ఆస్పత్రిలో చేరగానే, రోగి మామూలుగా ఎలా మాట్లాడతాడో ఇంటివాళ్లు డాక్టరుకు చెప్పండి.

ఇక ఒప్పుకోవాలి. వల విసరడం నా కల్పన. ఆ చెయ్యి ఇంకా గ్లాసే సరిగ్గా పట్టదు. మా ఊళ్లో ప్రమాణమంటే రెండు చేతులా వల పట్టాలి. నేను ఒంటి చేత్తోనే పట్టాను.

ఇదంతా చదివి వినిపిస్తే పోలమ్మ నవ్వింది. "అబద్ధం రాసినావు గదా, బాగుండావులే."