దానమ్మ అరుగు మీది కంచాలు

చమఖండి రేవులో దానమ్మ ఇంటి తలుపు మీద సర్కారువాళ్ళు జేగురుతో అంకె వేసి వెళ్ళిన కొన్నాళ్ళకు, మనుషుల్ని రాసుకోవడానికి ఛత్రపురం బడిపంతులు వైకుంఠరావు వచ్చాడు. అది పందొమ్మిది వందల ముప్పై ఒకటి, జనాభా లెక్కల ఏడాది. గంజాం జిల్లా మద్రాసులోనే ఉంటుందా, ఒడియావాళ్ళు అడుగుతున్న కొత్త రాష్ట్రంలోకి పోతుందా అని బరంపురంలో సభల మీద సభలు జరుగుతున్నాయి. ఏ భాషవాళ్ళు ఎందరో చూసి, ఏ ఊరు ఎటన్నది ఈ కాగితాలే తేలుస్తాయని జనం నమ్మకం. అందుకే కులపెద్ద పైడన్న పంతులు వెంటే గడపగడపా తిరుగుతున్నాడు.

"ఇంట్లో ఎందరమ్మా?"

 దానమ్మ మొగుడు అసిరయ్య చేపల వేటకెళ్ళాడు. పొద్దెక్కాక గాలి తిరిగింది. తెప్ప నీళ్ళ మీదుండగా ఆడది ఇంటి మనుషుల్ని లెక్కపెట్టి చెప్పకూడదు. చెబితే సముద్రం ఒకరిని తగ్గిస్తుందని ఆ పేట భయం. అందుకే అరుగు మీద కడిగి బోర్లించిన సత్తు కంచాల వైపు దానమ్మ చెయ్యి చూపింది.

"ఆటినే సూసుకోండి బాబూ. మనిసికొకటి."

పంతులు చూసుకున్నాడు. "నాలుగు. పేర్లు?"

పైడన్న అందుకున్నాడు. "అసిరయ్య, దానమ్మ, ఆడి తల్లి ఎర్రమ్మ. కొడుకు పోతయ్య, ఇరవయ్యేళ్ళు. అందరూ తెలుగోళ్ళే, రాసుకోండి."

 పోతయ్య పోయి రెండేళ్ళు. తుపాను రోజున తెప్పదుంగలు ఒడ్డుకొచ్చాయి, వాడు రాలేదు. వాడి కంచాన్ని రోజూ మిగతావాటితో కడిగి బోర్లించే చెయ్యి ఈవేళా అదే పని చేసింది.

"పోతయ్య ఎక్కడ? ఆఖరి రోజు మళ్ళీ వచ్చి సరిచూస్తాను. తప్పు రాయిస్తే జరిమానా ఉంటుంది" అన్నాడు పంతులు.

పైడన్న ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "ఊరుకోయే కోడలా. ఏటకెల్లాడందాం. ఒక తెలుగు తలకాయి పెరిగితే నీకేటి నట్టం?"

వాడు వేటకెళ్ళిన మాట నిజమే. ఊరుకుంటే చాలు, కాగితంలోనైనా కొడుకు బతికుంటాడు. దానమ్మ సముద్రం వైపు చూసింది. ఒక్క తెప్పా కనబడలేదు.

"నాతో తెలుగు, రేవులో సావాసగాళ్ళతో ఒడియా మాటాడీవోడు మావా నా కొడుకు. సముద్రం తీసుకుపోయినోడ్ని తెచ్చి జిల్లాకి కాపలా పెడతావేటి?"

 దానమ్మ అంకె చెప్పలేదు. చివరి కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.  వెనక పంతులు కలం ఒక పేరు కొట్టేసిన చప్పుడు.

కంచం లోపల పెట్టి వచ్చినప్పటినుంచి ఆమె ఒడ్డున నిలబడే ఉంది. కంచం తియ్యడం కూడా లెక్కపెట్టడమేనేమో! నీరెండ వేళకు అసిరయ్య తెప్ప అలల మీద తేలింది.

అన్నానికి కూర్చుంటూ అతను అరుగు వైపు చూశాడు. "నాలుగోదేదే?"

"లోపలెట్టాను. లెక్కలోళ్ళొచ్చారు."

అసిరయ్య ఆమె కంచం చేతిలోకి తీసుకుని అడుగు చూశాడు. "నీ కంచానికి సిల్లు పడింది కదా," అన్నాడు. "ఆడిది తెచ్చుకుని అందులో తిను."

దానమ్మ లేచి లోపలికి వెళ్ళింది.