సల్ఫేటును విడగొడితేనే మార్కులు

ఈ సాయంత్రం ట్యూషన్‌కు వచ్చిన పవిత్ర, బ్యాగు కూడా దించకుండా పరీక్ష పేపరు నా ముందు పెట్టింది. బేతమంగళలో మా వెనక వీధి పిల్ల, పదో తరగతి. అల్యూమినియం సల్ఫేట్, కాల్షియం హైడ్రాక్సైడ్ కలిసే సమీకరణాన్ని చక్కగా తుల్యం చేసింది. అయినా సగం మార్కులు కోసేశారు.

"మీరు చెప్పినట్టే రాసినానక్కా," అంది.

నేను చెప్పింది చిన్న విషయమే. సల్ఫేట్ రెండు వైపులా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు దాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టమన్నాను. ఉండబట్టలేక వాళ్ల సైన్సు సారుకు ఫోన్ చేశాను.

"ఆన్సరు కరెక్టేనమ్మా. మేము చెప్పిన స్టెప్పులు యాడ ఉండాయి? సల్ఫర్ వేరే, ఆక్సిజన్ వేరే లెక్క చూపించల్ల," అన్నాడాయన.

"అర్థం చేసుకొనే చేసిండాది కద సార్?"

"అర్థమైనదానికి ఆన్సర్ కీలో మార్కులు లేవమ్మా."

ఫోన్ పెట్టేసి పవిత్రకు ఇంకో సమీకరణం ఇచ్చాను. ఈసారి ఆక్సిజన్‌లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ పేజీ నింపింది. సల్ఫేట్‌లోవి, హైడ్రాక్సైడ్‌లోవి కలగలిసిపోయి చివరికి జవాబు తప్పింది. తప్పు చూపించబోతే నన్ను ఆపి, "పర్వాలేదక్కా, స్టెప్పులకు వేస్తారు," అంది నింపాదిగా.

రేపు ఈ పిల్లకు ఏం చెప్పాలి? అర్థం చేసుకోమనా, మార్కులు తెచ్చుకోమనా? రెండూ ఒకటే అనుకుంటూ ఇన్నాళ్లూ పాఠాలు చెప్పాను. ఇక్కడ టీచర్లెవరైనా ఉంటే, మీరేం చెబుతున్నారో కాస్త రాయండి.