పెంచలన్న ముక్కూ, వంద లీటర్ల కంపూ

మా కొడవలూరులో పెంచలకృష్ణ అన్న వాసన చూడకుండా ఏదీ ముట్టడు. కాఫీ ఇస్తే ముందు ముక్కు తాగుతుంది, ఆ తర్వాతే నోరు. పెళ్ళి పత్రిక చేతికిచ్చినా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకు ఆరకముందే కట్ట గట్టినారమ్మా" అంటాడు. వాసన చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. పదిమందిలో తీర్పు చెప్పేస్తాడు. మా పక్కింటి ఉషారాణక్కని ఒకసారి బస్టాపులో నిలబెట్టి, "పొయ్యి మీద పప్పు మర్చిపోయి వచ్చినావా?" అని అడిగాడు. ఆమె ఇంటికి పరిగెత్తింది. పప్పు నిజంగానే మాడిపోయింది. అందుకే ఆయన ఎదురొస్తే జనం పక్క సందులోకి తిరుగుతారు.

అలాంటి మనిషి, ఏదో స్కూలు వాళ్ళు అమ్మేసిన పాత బస్సు కొని క్యారవాన్ చేశాడు. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు, వెనక చిన్న బాత్రూము, అడుగున వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు. దాన్ని తెచ్చి మా ఇంటి ముందు ఆపి, మా అమ్మని కేకేశాడు.

"పెద్దమ్మా, జువ్వలదిన్నె పోయి సముద్రం చూసొద్దాం. బాత్రూము బండిలోనే ఉండాది!"

మా అమ్మ వెంకటశేషమ్మకి రెండేళ్ళుగా మూత్రం ఆగడం లేదు. గట్టిగా దగ్గితే చాలు, చీర తడిసిపోతుంది. మందులు వాడుతూనే ఉంది. కానీ పెళ్ళిళ్ళకి పోదు, పేరంటాలకి పోదు. "నలుగురిలో వాసనొస్తే నా మొహం యాడ పెట్టుకునేది వినీలా?" అంటుంది. బాత్రూము మాట వినేసరికి ఆమె ఆ రోజు సరేనంది. ఈసారి కూడా తప్పిపోతే ఇక ఎప్పటికీ గడప దాటదని నా భయం.

తీరా బయల్దేరే రోజు కొళాయి తిప్పితే కుళ్ళిన కోడిగుడ్ల కంపు! ట్యాంకులో నెలల తరబడి నిలవున్న నీళ్ళు మరి. పెంచలన్న ముక్కు మూసుకుని బండిలోంచి కిందికి దూకాడు. ప్రయాణం వాయిదా.

నీళ్ళు మార్చాడు. కంపు పోలేదు. కడవలో వట్టివేళ్ళు వేస్తే నీళ్ళు కమ్మగా ఉంటాయి కదా, ట్యాంకు మాత్రం కడవ కాదా అనుకున్నాడు. గోనెసంచెడు వట్టివేళ్ళు కుక్కాడు. మర్నాడు కొళాయి తిప్పితే అది ముందు దగ్గింది, తర్వాత వేళ్ళు కక్కింది. కంపు ఎక్కడికీ పోలేదు, పైన కాస్త అత్తరు పూసుకుంది. మళ్ళీ వాయిదా. అమ్మ, "నాకు రాసిపెట్టి లేదులే" అని సర్దిన సంచి విప్పేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏందన్నా ఇది! నీ ముక్కుకి నచ్చిందాకా మా అమ్మ కాచుకోనుండాల్నా?"

"నాలుగు దినాలియ్యి తల్లీ. దాని సంగతి తేలుస్తా."

వేళ్ళన్నీ పీకేశాడు. ట్యాంకు నిండా బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు నింపి, గొట్టాల్లోకి కూడా ఎక్కేలా కొళాయిలన్నీ తిప్పి కట్టేశాడు. ఇక పొలాల దారంట బస్సుని తిప్పడం మొదలుపెట్టాడు. గుంత కనిపిస్తే వదల్లేదు.

"యాడికన్నా?" అని ఎవరైనా అడిగితే, "యాడికీ లేదబ్బా, ట్యాంకు పుక్కిలిస్తా ఉండాది" అనేవాడు.

ఒక రోజంతా ఆ నీళ్ళు అలాగే ఉంచి వదిలేశాడు. మంచినీళ్ళతో మూడుసార్లు కడిగాడు. నాలుగోసారి నింపి, గ్లాసు పట్టి, వాసన చూసి, కళ్ళు మూసుకుని తాగాడు. నాకూ ఇచ్చాడు. ఏ వాసనా లేదు.

ఆదివారం బయల్దేరాం. అమ్మ, నేను, ఉషారాణక్క, ఆమె చెల్లెళ్ళిద్దరు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని నవ్వింది కూడా. హైవే దిగి సముద్రం దగ్గర పడ్డాక బస్సు ఒక గుంతలో ఎగిరిపడింది. కాసేపటికి ఉషారాణక్క ముక్కు చిట్లించింది.

"ఏందబ్బా ఈ వాసన?"

అమ్మ కొంగు బిగించి పట్టుకుని తల దించుకుంది. అందరూ తీర్పు కోసం పెంచలన్న వైపు తిరిగారు. ఆ ముక్కు ఇంతవరకూ ఎవరి మొహమాటానికీ ఆగింది లేదు.

ఆయన బండి ఆపాడు. గట్టిగా గాలి పీల్చాడు.

"నా ట్యాంకే! ఇంత కడిగినా చావలా ఈ కంపు. థూ, నా పనితనం! ఉషారాణమ్మా, మీరంతా దిగి అట్టా సముద్రం పక్కకి నడస్తా ఉండండి. ఈ నీళ్ళు వదిలేస్తేగానీ లాభం లేదు. పెద్దమ్మకి ఎండెందుకు, లోపలే ఉంటాది. వినీలా, నువ్వు తోడుండు."

వాళ్ళు దిగిపోయారు. ఆయన ఆ కంపు నీళ్ళే రెండు బకెట్ల నిండా పట్టి బాత్రూములో పెట్టాడు. పక్కన కొత్త సబ్బు పెట్టాడు. మా వైపు చూడకుండా దిగి తలుపు మూశాడు. తర్వాత కింద వాల్వు తిప్పాడు. నాలుగు రోజుల కష్టం, తేటగా మెరుస్తూ ఇసకలో ఇంకిపోయింది. బయట ఆయన అరుస్తూనే ఉన్నాడు, "ఇటు రాబాకండి, ముక్కులు ఊడిపోతాయి!"

అమ్మ నా మొహం చూసింది. స్నానం చేసి, చీర మార్చుకుని, నాకన్నా ముందు సముద్రం దగ్గరికి నడిచింది. అలల్లో పాదాలు తడుపుకుంటూ చాలాసేపు నిలబడింది. నాకు పెంచలన్నకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒడ్డున అందరం అన్నాలకి కూర్చున్నాం. అమ్మ గొంతు పెంచింది. రెండేళ్ళయింది నేనా గొంతు విని.

"ఏం పెంచలా, బస్సు కొంటే సరా? ట్యాంకు కడుక్కోబళ్ళా? మనుషులెక్కే బండి గదా!"

"బాగా అడిగినావు పిన్నమ్మా" అంది ఉషారాణక్క.

పెంచలన్న తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది పెద్దమ్మా."

"వచ్చే నెల మైపాడు సముద్రానికి పోదాం. ముందురోజు నేనే దగ్గరుండి కడిగిస్తా. నీ కడుగుడు నేను నమ్మను."

"అట్నే పెద్దమ్మా" అన్నాడు పెంచలన్న. "పొద్దున్నే బండి తెచ్చి మీ వాకిట్లో పెడతా."