సున్నపు గళ్లు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక అబద్ధం ఏళ్ల తరబడి నాతో పాటు షాపుకు వస్తోంది, నాతో పాటు భోజనానికి కూర్చుంటోంది. వేరెవరో ఆడింది కాదు, నేను ఆడిందే. ఆడడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దాని వల్ల ఒక మనిషి తనకు బాగా వచ్చిన పనికి దూరమయ్యాడు. దాన్ని మోసీ మోసీ అలసిపోయాను.

ముందు నా గురించి చెప్పాలి. లేకపోతే ఇదంతా ఎందుకు జరిగిందో మీకు అర్థం కాదు. కాకినాడలో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. నేను ఊరుకునే మనిషిని కాను. వీధి దీపం వెలగకపోతే అది వెలిగేదాకా ఆఫీసు చుట్టూ తిరుగుతాను. ఒక పెళ్లిలో నన్ను మొదటి బంతిలోంచి లేపి రెండో బంతిలో కూర్చోబెట్టిన బంధువు ఇంటికి ఇంతవరకూ వెళ్లలేదు. "మీకు మతిమరుపు వచ్చినా ఇవి మాత్రం గుర్తుంటాయండి" అంటుంది మా ఆవిడ. నిజమే. అవమానం నాకు బాగా గుర్తుంటుంది. నేను చేసింది మాత్రం గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది.

మా పాప ఎనిమిదో తరగతిలో ఉండగా ఫుట్‌బాల్ క్లబ్బులో చేర్చాను. సాయంత్రాలు ఒక కాలేజీ గ్రౌండులో ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పేవారు. ఆ కోచ్ పేరు రాయను. రాస్తే అప్పుడు అక్కడున్న వాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. చామనఛాయ మనిషి, తక్కువ మాట్లాడేవాడు, ఆదివారం ఉదయం చర్చికి వెళ్లి మధ్యాహ్నానికల్లా గ్రౌండులో ఉండేవాడు.

ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. రెండూ నాకు నచ్చేవి కావు. ఒకటి తాడు. గ్రౌండుకు ఒక పక్క కొబ్బరితాడు కట్టి, తల్లిదండ్రులంతా దాని వెనకాలే ఉండాలనేవాడు. రెండోది తొక్కుడుబిళ్ల. మ్యాచ్‌కు ముందు నేల మీద సున్నంతో గళ్లు గీసి, ప్రతి పిల్లనూ ఒంటికాలి మీద వెళ్లి రమ్మనేవాడు. ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు. ఎవరు తడబడినా, ఎవరు ముఖం చిట్లించినా ఆ రోజు వాళ్లు ఆడరు, బయట కూర్చుంటారు. పిల్లలు ఏ నొప్పినైనా నోటితో దాచగలరు గాని ఒంటికాలి మీద దాచలేరని ఆయన లెక్క. గ్రౌండు పక్క టీకొట్టు దగ్గర మేమంతా నవ్వుకునేవాళ్లం. "ఫుట్‌బాల్ నేర్పమంటే తొక్కుడుబిళ్ల ఆడిస్తున్నాడేంటండీ బాబూ, రేపు అష్టాచెమ్మా కూడా నేర్పుతాడేమో" అన్నది నేనే. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో నేను తల్లిదండ్రుల తరఫున మాట్లాడే మనిషినైపోయాను.

ఒకరోజు పాప దగ్గరకు బంతి వచ్చింది. నేను తాడు దాటి లోపలికి వెళ్లి "కొట్టు, కొట్టు" అని అరిచాను. ఆయన ఆట ఆపేశాడు. మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చి, "మీరు అరిస్తే పాప బంతిని చూడదండి, మిమ్మల్ని చూస్తుంది. కాస్త తాడు వెనక్కి వెళ్లండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ అందరి ముందు అన్నాడు. ఎవరో ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగు రంగు కూడా నాకు గుర్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు పాపను ముందు వరస నుంచి తీసి వెనక డిఫెన్స్‌లో పెట్టాడు. నా మీద కోపంతోనే అనుకున్నాను. పాప మాత్రం అక్కడే బాగుందని చెప్పింది. నేను నమ్మలేదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? నన్ను సమర్థించుకోవడానికా? అయి ఉండవచ్చు. ఆ తాడు మాట ఇప్పుడు తల్చుకున్నా నా చెవులు వేడెక్కుతాయి. అది చిన్న అవమానమని బుద్ధికి తెలుసు. కానీ దానికి బదులుగా నేను తీసుకున్నది ఎంత పెద్దదో చెప్పాలంటే ముందు దీని కొలత మీకు తెలియాలి.

తునిలో మ్యాచ్ పెట్టారు. జిల్లా జట్టుకు పిల్లలను ఎంపిక చేసేవాళ్లు ఆ మ్యాచ్ చూడటానికి వస్తున్నారు. పాప ఎంపికైతే టీకొట్టు దగ్గర నేను ఎలా నిలబడతానో, ఆ కోచ్ ముఖం ఎలా చూస్తానో అప్పటికే ఊహించుకుని ఉన్నాను. సరిగ్గా ఆ వారమే ప్రాక్టీసులో పాప కుడి మోకాలు మెలిక పడింది. వాపు పెద్దగా లేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకునేది. "మ్యాచ్ రోజు గళ్లలో చూద్దామండి. తడబడితే కూర్చోబెడతాను. తొందరేముంది, చిన్నపిల్ల" అన్నాడాయన.

నాకు తొందర ఉంది.

మ్యాచ్ రోజు ఉదయం బస్సెక్కే ముందు పాపను మా వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. నొప్పి తెలియకుండా ఇంజక్షన్ చేయమన్నాను. "ఆటలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగాడాయన. స్కూల్లో డ్యాన్సు ప్రోగ్రామనీ, పది నిమిషాల పని అనీ చెప్పాను. ఇంజక్షన్ చేసి, రెండు రోజులు కాలికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. తల ఊపాను. బస్టాండుకు నడుస్తూ పాపతో, "సార్ అడిగితే నొప్పి లేదని చెప్పు. ఇంజక్షన్ సంగతి ఎవరికీ చెప్పకు, అమ్మకు కూడా" అన్నాను. "సరే డాడీ" అంది. అంతే. ఎందుకని కూడా అడగలేదు. నేను చెప్పాను గదా అన్నట్టు నా చెయ్యి పట్టుకుని నడిచింది.

తునిలోనూ ఆయన తాడు కట్టి, గళ్లు గీశాడు. పాప వంతు వచ్చింది. కుడికాలి మీద ఆ చివరి దాకా వెళ్లి, తిరిగి, మళ్లీ వచ్చింది. ఎక్కడా తడబడలేదు. ఆయనకు నమ్మకం కుదరలేదేమో, అదే కాలి మీద ఇంకోసారి వెళ్లమన్నాడు. వెళ్లి వచ్చింది. ఆయన వంగి, పాప ముఖంలోకి చూసి, "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగాడు. పాప తాడు వెనకాల ఉన్న నా వైపు చూసింది. తర్వాత, "లేదు సార్" అంది.

ఆ నిమిషాన నాకేమనిపించిందో దాచను. గెలిచాననిపించింది. నా కూతురి మోకాలి మీద కాదు, ఆయన సున్నపు గళ్ల మీద.

రెండో సగంలో పాప ఒక్కసారి పక్కకు తిరిగి కింద పడింది. ఎవరూ తొయ్యలేదు. దగ్గర్లో ఎవరూ లేరు కూడా. ఆయన పరుగెత్తుకు వెళ్లి చేతుల మీద ఎత్తుకుని ఆటో దాకా తీసుకొచ్చాడు. కాకినాడ ఆసుపత్రిలో మాతో పాటే బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఎముకల డాక్టరు, "ఇది పాత దెబ్బ మీద పడ్డ దెబ్బ. ఈ మోకాలితో ఎలా ఆడించారండీ?" అని కోప్పడ్డాడు. నా నోట్లోంచి వచ్చిన మాట, "కోచ్ ఆడించాడండి."

అది పూర్తిగా అబద్ధం కాదు. ఆడించింది ఆయనే కదా? అలా నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడకు అదే చెప్పాను. టీకొట్టు దగ్గరా అదే చెప్పాను. రెండు మూడు రోజుల్లో ఆ మాట నాకే తిరిగి వచ్చింది, కాస్త పెరిగి. పిల్ల నొప్పని ఏడ్చినా వినకుండా దింపాడట అంటున్నారు. నేను కాదనలేదు. కాదనకపోవడం ఎంత సులువో అప్పుడే తెలిసింది.

క్లబ్బు పెద్దలు గ్రౌండు పక్క షెడ్డులో తల్లిదండ్రులను పిలిచారు. కోచ్ కూడా వచ్చాడు. పాప కాలికి కట్టుతో నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నేను లేచి నిలబడ్డాను.

"పాప నొప్పిగా ఉందని చెప్పిందండి. అయినా దింపాడు" అన్నాను.

ఆయన నెమ్మదిగా అడిగాడు. "మీరు విన్నారాండీ?"

"ఎలా వింటానండీ? మీరే కదా నన్ను తాడు వెనకాల నిలబెట్టింది. ఇంటికొచ్చాక పాపే చెప్పింది."

కొంతమంది నవ్వారు. నాకు కావలసిన నవ్వు అది. ఎన్నాళ్ల నుంచో దాని కోసం ఎదురుచూశాను.

అప్పుడు క్లబ్బు పెద్దాయన, "ఇంత గొడవెందుకండీ, పాప ఇక్కడే ఉందిగా, పాపనే అడిగేద్దాం" అని పాప వైపు తిరిగాడు. పాప తల దించుకుని కట్టు అంచు గోటితో పీకుతోంది. నేను తన వైపు చూడలేదు. చూస్తే ఏమి అడుగుతున్నానో తనకు అర్థమవుతుంది. చూడకపోయినా అర్థమైంది.

"వద్దండి, పిల్లనడక్కండి" అని కోచ్ లేచాడు. "వాళ్ల నాన్నగారి ఎదురుగా ఏం చెప్తుందండి పాపం? నిజం చెప్పినా ఏడుస్తుంది, చెప్పకపోయినా ఏడుస్తుంది. నాదే పొరపాటనుకోండి. నేను మానేస్తాను."

పాప దగ్గర ఆగి, "త్వరగా నడవాలమ్మా" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయనకు ఇంజక్షన్ సంగతి తెలుసా? నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసే వదిలేశాడా? లేక తాను సరిగ్గా చూడలేదేమో, గళ్లు తప్పుగా గీశానేమో అని ఇన్నేళ్లూ తనను తానే అనుమానించుకుంటున్నాడా? మొదటిది అయితే నేను ఆయన దయ మీద బతుకుతున్నాను. రెండోది అయితే ఆయనకు తన పని మీద ఉన్న నమ్మకాన్ని కూడా నేనే తీసేశాను. ఈ రెంటిలో ఏది కొంత నయమో ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు.

ఆయనకు తర్వాత ఎక్కడా పిల్లలకు ఆట నేర్పే పని దొరకలేదని విన్నాను. క్లబ్బు పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోంచి ఆ మాట మిగతా ఊళ్లకూ పాకింది. సామర్లకోటలో ఒక స్కూలు ముందు ఒకసారి చూశాను. సాయంత్రం పిల్లలను వరసగా బస్సు ఎక్కిస్తున్నాడు. నేను మెకానిక్ షెడ్డు వెనక్కి తప్పుకున్నాను. క్లబ్బుకు కొత్త కోచ్ వచ్చాడు. తాడు లేదు, గళ్లు లేవు. ఆ కొత్తాయన మీద కూడా నేను ఫిర్యాదు చేశాను, పాప అప్పటికే ఆట మానేసినా సరే.

పాప ఇప్పుడు రాజమండ్రిలో చదువుకుంటోంది. బాగానే నడుస్తుంది. కింద మాత్రం కూర్చోలేకపోతుంది, మెట్లు పక్కకు తిరిగి దిగుతుంది. పోయిన నెల సెలవులకు వచ్చి, ఒక మధ్యాహ్నం షాపులో నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఎవరూ లేరు. ఎందుకో నోరు తెరిచాను. ఇంజక్షన్ సంగతి, షెడ్డులో చెప్పిన మాట, అన్నీ మొదటి నుంచి చెప్పాను. ఎప్పటి నుంచో చెప్పాలనుకున్నానని చెప్పాను. పాప ఆసాంతం విని, "నాకెందుకు చెప్తున్నారు డాడీ? నాకు తెలుసు కదా. నేను అక్కడే ఉన్నాను" అంది. "తెలియనివాళ్లకి చెప్పండి" అని లేచి లోపలికి వెళ్లింది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. దాన్ని కూడా గుర్తు పెట్టుకుని ఉండేవాణ్ణి.

తెలియనివాళ్లలో మా ఆవిడ ఉంది. ఆ రోజు నవ్వినవాళ్లంతా ఉన్నారు. సామర్లకోటలో ఆయన ఉన్నాడు. వాళ్ల ముందు నిలబడే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందని మాట ఇవ్వను. ముందు మీతో మొదలుపెట్టాను. ఆ రోజు షెడ్డులో లేచి నిలబడినప్పుడు చెప్పవలసిన మాట ఇది: పాప నొప్పని చెప్పలేదు. చెప్పొద్దని నేనే అన్నాను. ఆయన రెండుసార్లు చూశాడు, అడిగాడు కూడా. ఆయన గళ్లు సరిగ్గానే ఉన్నాయి.

రాసి మళ్లీ చదువుకున్నాను. ఇందులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నా జీవితంలో నేను రాసిన అలాంటి మొదటి మాటలు ఇవే అనుకుంటాను.