ఎవరక్కడ?

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో పాత గూఢచారి నాటకం మొదలయ్యే వేళకు తాతయ్య కోపం ముక్కు మీదకు వచ్చి సిద్ధంగా కూర్చుంటుంది. నలభై ఏళ్ల కిందట ఆ నాటకానికి శబ్దాలన్నీ చేసింది ఆయనే. శాస్త్రవేత్త గాజు కుప్పెలో రసాయనం మరిగే చప్పుడు, తాతయ్య గ్లాసు నీళ్లలో గొట్టం పెట్టి ఊదిన బుడగలది. ప్రయోగశాల పేలడం ఆయన ఊపిన రేకు. ఇప్పటికీ ఆ చోటు వస్తే ఆయన బుగ్గలు వాటంతటవే ఉబ్బుతాయి. ఇన్నేళ్లలో రేడియోవాళ్లు ఒక్కసారి కూడా ఆయన పేరు చదవలేదు. పోయిన నెల ఉత్తరం రాస్తే, ఈసారి తప్పక చదువుతామని జవాబొచ్చింది. అందుకని ఈ రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రేడియో ముందు పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

నాటకానికి ముందు అనౌన్సరు అందరి పేర్లూ చదివింది, మైకు సర్దినవాడితో సహా. తాతయ్య పేరు లేదు. “నా నోటి బుడగలు కావాలి గానీ, నా పేరు పలకడానికి వీళ్లకు నోరు రాదా?” అని చెవులు ఎర్రబడేలా అరుస్తూ లేచాడు.

“కాస్త అరవకండి, మీ బుడగలు నాకు వినపడట్లేదు,” అంది నానమ్మ.

ఆయన ఇంకా మండిపోయాడు. ఇంతలో గూఢచారి ఫార్ములా కాజేసి మెట్లు దిగుతున్నాడు. ఆ అడుగులూ తాతయ్య బూట్లవే. తలుపు కిర్రుమంది.

“ఎవరక్కడ?” అని కాపలావాడు రేడియోలోంచి గద్దించాడు.

తాతయ్య రేడియోను రెండు చేతులా పట్టుకుని, వీధి చివరిదాకా వినపడేలా తన పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా.