పాచినోటి పరీక్ష

మా వదిన గొంతు బస్టాండంతటికీ తెలుసు. మనిషిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఒక్క అక్షరం మింగదు. ఇంట్లోనూ అంతే, "కూర మాడింది" అన్నా ప్రయాణికులకు చెప్పినట్టే ఉంటుంది. మా అన్నయ్య పాపం, ఎదురు చెప్పడం ఎప్పుడో మానేశాడు.

అలాంటి మనిషికి పైవరసలో ముందు పన్ను కదలడం మొదలైంది. వాళ్ళమ్మకి నడివయసులోనే పళ్ళన్నీ ఊడిపోయాయి, ఆవిడ మాట్లాడితే సగం గాలే. "నాకా గతి పట్టనివ్వను. పళ్ళు పోతే నా మైకు పోయినట్టే," అంది వదిన. నన్ను తోడు పెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. చిగుళ్ళకి జబ్బు చేస్తే క్రిములు వదిలే పదార్థాలూ, చిగుళ్ళు పాడవుతున్నప్పుడు పుట్టేవీ ఉమ్మిలో కలుస్తాయట. ఆ ఉమ్మిని గొట్టంలో పట్టి మిషన్లో పెడితే అవి ఎంతెంత ఉన్నాయో తెలుస్తుందట. "రేపు పొద్దున్నే రండి. పళ్ళు తోమొద్దు, పుక్కిలించొద్దు, ఏమీ తినొద్దు, అవన్నీ కొట్టుకుపోతాయి," అని మరీ మరీ చెప్పింది.

వింటేగా! పాచిమొహంతో పక్కింటావిడకి కూడా కనపడని మనిషి మా వదిన. మర్నాడు నేను వెళ్ళేసరికి పళ్ళు తళతళా తోముకుని, బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చుంది.

"అయ్యో వదినా, తోమొద్దన్నారుగా!"

"కంపు నోరేసుకుని నలుగురిలో ఉమ్మమంటావా? నీకు సిగ్గు లేదేమోగానీ నాకుంది. పద."

"తోముకోలేదు కదండీ?" అని డాక్టరమ్మ అడిగితే, "లేదమ్మా" అనేసింది, మైకులో చెప్పినంత స్పష్టంగా. నేను గుడ్లప్పగించి చూశాను. పరీక్షలో పెద్దగా ఏమీ తేలలేదు. "దీన్నొక్కదాన్నే నమ్మకూడదండీ, చిగుళ్ళు కూడా కొలవాలి," అని ఆ పిల్ల అంటూనే ఉంది, ఈవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

ఏమీ లేదన్న సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. తలగడ మీద రక్తపు మరకలు కనబడ్డాయి. తర్వాత పక్క పన్ను కూడా కదిలింది. ఆ రోజే ఫోన్ చేసింది. "రేపు రా. తోముకోను." ఆ గొంతులో అలాంటి భయం అంతకుముందు నేనెన్నడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళు మండింది కూడా, ఆ పనేదో ముందే ఏడిస్తే పోయేదిగా!

బస్సులో కండక్టరు, "ఏం అక్కా, బాగున్నారా?" అంటే పెదాలు బిగించి తలూపింది. "ఇవాళ మా వదినకి మైకు పనిచెయ్యట్లేదు," అన్నాను ఉండబట్టలేక. చెయ్యి కందిపోయేలా గిల్లింది.

అందరి ముందూ కూర్చుని గొట్టంలోకి ఉమ్మింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఆపలేదు. చిగుళ్ళు కొలిచే పుల్లకి కూడా తనే నోరు తెరిచింది.

ఈసారి అన్నీ బాగా ఎక్కువగా ఉన్నాయి. కొలిచి చూసినా జబ్బేనని తేలింది. వెంటనే వైద్యం మొదలుపెట్టారు. రెండో పన్ను నిలబడుతుందన్నారు గానీ మొదటిది పీకక తప్పలేదు.

"పోయినసారే తెలిసుంటే దీన్నీ కాపాడేవాళ్ళమేమో. అప్పుడెందుకు దొరకలేదో!" అని డాక్టరమ్మ నొచ్చుకుంది.

వదిన నోట్లో దూది ఉంది. దాన్ని తీసి చేత్తో పట్టుకుంది. "నీ పరీక్ష తప్పు కాదమ్మా. నేనే తోముకొచ్చి అబద్ధమాడాను. నా పన్ను నేనే పోగొట్టుకున్నాను."

పెట్టుడు పన్ను వచ్చేదాకా సెలవు పెట్టమని అన్నయ్య బతిమాలాడు. ససేమిరా అంది. తను డ్యూటీలో చేరిన రోజు, మనసు ఆగక నేనూ బస్టాండుకి వెళ్ళాను. "బస్సు" అన్నచోట సన్నగా ఈల వచ్చింది. బెంచీల మీద జనం పకపకా నవ్వారు. మైకు ఆగిపోయింది. అయిపోయిందిరా బాబూ, లేచి వెళ్ళిపోయుంటుంది అనుకున్నాను. మైకు మళ్ళీ కిర్రుమంది. అదే బస్సు, అదే ప్లాట్‌ఫాం, మొదట్నుంచి, ఇంకాస్త నిదానంగా. మళ్ళీ ఈలే. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ బస్సు ఎక్కాల్సినవాళ్ళు సామాన్లు తీసుకుని లేచారు.