నిరీక్షణకూ ఆశకూ ఒకే మాట

మోకాలికి కర్పూరం కలిపిన నూనె రాసుకున్నప్పుడల్లా, ఆ ఘాటుకు నాకు కార్మెన్ గుర్తొస్తుంది; ఆమె చేతులకెప్పుడూ ఆ వాసనే. స్పెయిన్ దేశపు మనిషి. తొంభైల మొదట్లో మస్కట్‌లో, బౌషర్ వైపున్న ఒక ఆసుపత్రిలో, కాళ్లు దెబ్బతిన్నవాళ్లతో వ్యాయామం చేయించేది. సీబ్‌లో మా కంపెనీ కడుతున్న విల్లా మీంచి పడి తొడ ఎముక విరిగిన నన్ను అక్కడే చేర్చారు. తొందరపడి లేవబోతే భుజం పట్టుకుని "ఎస్పెరా" అనేది. ఆగమని అర్థమని ఆ చెయ్యే చెప్పేది. సెలవు రోజైన శుక్రవారాలు రూవి పేట నుంచి చూడటానికొచ్చే మా ఊరి రాజన్న, "తమ్మీ, నీకు ఆమె భాష గూడ వస్తున్నదిరా" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. కాలు నిలవకపోతే కంపెనీ ఇంటికి పంపేస్తుంది.

ఒకరోజు డాక్టరు ఎముక సరిగ్గా అతకడం లేదని, నడక సంగతి ఇప్పుడే చెప్పలేనని వెళ్లిపోయాడు. నేను కార్మెన్‌ని అడిగాను, "మేడమ్, నేను నడుస్తానా?"

"ఎస్పెరో," అంది.

"ఇంకెన్నాళ్లు ఆగాలి?" అన్నాను కోపంగా.

ఆమె మంచం అంచున కూర్చుంది. రోగుల దగ్గర నేర్చుకున్న వచ్చీరాని హిందీలో, "ఆగమనలేదు. నడుస్తావని ఆశపడుతున్నానన్నాను. మా భాషలో రెండింటికీ ఒకటే మాట," అంది.

"మరి ఆశ లేకుండా ఆగేవాళ్లను ఏమంటారు?"

తన ఇంటి సంగతి చెప్పింది. ఆమె తమ్ముడు చేపలవేటకు వెళ్లి సముద్రం నుంచి తిరిగిరాలేదట. "ఏళ్లు గడిచాయి. మా అమ్మ ఇప్పటికీ రేవుకి వెళ్తుంది. ఎందుకమ్మా అంటే ఆ మాటే అంటుంది. ఊరికే ఆగుతోందో, ఆశపడుతోందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే రెండింట్లో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది కదా."

తెలుగులో ఏమంటారని అడిగింది. "ఎదురుచూడటం" అంటారని, వచ్చే మనిషి వైపు ముఖం పెట్టి చూడటమని చెప్పాను. ఆ మాటను మెల్లగా పలికి చూసుకుని, "మా అమ్మ చేసేది అదే," అంది.

కాలు నిలిచింది, కాస్త కురచగా. ఒప్పందం ముగిసి కార్మెన్ వెళ్లిపోయింది. తర్వాత ఆమె సంగతులేమీ తెలియలేదు.

ఇప్పుడు మా వీధిలో లక్ష్మి భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. నెలలుగా ఫోన్ లేదు. అక్కడ పనిచేసి వచ్చినవాణ్ణని నన్నే అడుగుతుంది, "వస్తడంటవా అన్నా?" వస్తాడని చెప్పను. రాడనీ చెప్పను. ఆమె వాకిట్లో నిలబడి బస్సు వచ్చే దారికేసి చూస్తుంటే, వెళ్లి వాళ్ల అరుగు మీద నేనూ అటే ముఖం పెట్టి కూర్చుంటాను. ఆమె లోపలికి వెళ్లాకే లేస్తాను.